నీకు చింతలేదా?

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 38 ఏళ్లు. విశ్వాసుల కుటుంబంలోనే పుట్టి పెరిగాను. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఏడాదిన్నర కిందట వాడికి ఫిట్స్ మొదలయ్యాయి. మందులు వాడుతున్నాం, ఏడు నెలలుగా మళ్లీ రాలేదు. అయినా నాకు నిద్ర లేదు. రాత్రి మూడు నాలుగు సార్లు లేచి వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. స్కూలు నుంచి ఫోన్ వస్తే చేతులు చల్లబడిపోతాయి. పడుకునే ముందు మోకరించి 'ప్రభువా, నా చింత నీ మీద వేస్తున్నాను' అంటాను. ఆమేన్ అని లేచేసరికి మళ్లీ నా నెత్తి మీదే ఉంటుంది. ఈ మధ్య ఒక సహోదరితో చెప్పుకుంటే 'చింతపడుతున్నావంటే దేవుణ్ణి నమ్మట్లేదనే అర్థం' అన్నది. అప్పటి నుంచి బాబు గురించిన చింతకి తోడు, నాకు అసలు విశ్వాసం లేదేమోనన్న చింత కూడా పట్టుకుంది. ఆయన మీద వేయడం అంటే ఏమిటో, ఎలా వేయాలో దయచేసి చెప్పండి.
ఒక తల్లి

జవాబు: అమ్మా, నీ ఉత్తరం పగలు ఒకసారి చదివాను, రాత్రి మళ్లీ చదివాను. 'ఆమేన్ అని లేచేసరికి మళ్లీ నా నెత్తి మీదే ఉంటుంది' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా పని చేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. ఆ మాట ఎన్ని మంచాల పక్కన, ఎంతమంది తల్లుల నోట విన్నానో లెక్క లేదు. నేను కూడా అన్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ సహోదరి మాట తీసి పక్కన పెడదాం. ఆమె నీ మేలు కోరే అని ఉంటుంది, కానీ వాక్యం అలా లేదు. 'దేనినిగూర్చియు చింతపడకుడి' అని ఫిలిప్పీయులకు రాసింది పౌలు. అదే పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో తాను తిన్న దెబ్బలు, ఓడ బద్దలై సముద్రంలో గడిపిన పగలూ రాత్రీ, ఆకలిదప్పులు అన్నీ వరసగా చెప్పుకొచ్చి, వీటికి తోడు 'సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు' అంటాడు. ఫిలిప్పీ పత్రికలోనే రెండో అధ్యాయంలో తిమోతిని మెచ్చుకుంటూ, 'మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు' అతనిలాంటి వాడు మరొకడు లేడంటాడు. గ్రీకులో ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే మాట, ఒకే మూలం నుంచి వచ్చినది. పౌలుకి విశ్వాసం లేదని ఎవరంటారు? గెత్సేమనేలో మన ప్రభువే 'నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది' అన్నాడు. తొమ్మిదేళ్ల బిడ్డకి ఫిట్స్ వస్తే తల్లి గుండె బరువెక్కుతుంది. అందులో నీ విశ్వాసం తప్పేమీ లేదు, తల్లీ. నిన్ను ఇంతగా నలగ్గొడుతున్నది ఆ బరువును రాత్రంతా నువ్వొక్కదానివే మోయడం.

ఇక నువ్వు రోజూ ప్రార్థనలో పట్టుకుంటున్న వచనం. 'ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి.' పేతురు మొదటి పత్రిక 5:7. ఆదివారపు బడిలో ఈ వచనం తప్పు లేకుండా చెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. కానీ అందులో ఉన్నదేమిటో నలభై ఏడేళ్లు వచ్చాక గానీ నాకు తెలియలేదు. మా సంఘంలో గ్రీకు నేర్చుకున్న ఒక పెద్దాయన ఉండేవారు. ఒక సాయంత్రం బైబిలు తరగతిలో ఆయన చెప్పారు: తెలుగులో మన చింతకీ దేవుని చింతకీ ఒకే మాట వాడారు గానీ, గ్రీకులో అవి రెండు మాటలు. మనది 'మెరిమ్నా', లోపల తెగకుండా తిరిగే ఆలోచన. ఆయనది 'మెలెయి', అంటే పట్టింపు ఉండటం, ఫలానా మనిషి సంగతి నాకు ముఖ్యం అనుకోవడం. దేవుడు మనలాగా చేతులు నలుపుకుంటూ కూర్చోడు. మన సంగతి ఆయనకి పట్టింది, అంతే.

అక్కడితో ఆగితే నేను మర్చిపోయేదాన్నే. ఆ పెద్దాయన ఈ 'మెలెయి' ఇంకెక్కడుందో చూడమని మార్కు 4:38 తీయించారు. తుపాను. దోనెలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి. యేసు వెనక భాగంలో తలగడ మీద పడుకుని నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయన్ని లేపి అడుగుతారు: 'బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?' ఆ ప్రశ్నలో ఉన్నదీ అదే మాట. మా సంగతి నీకు పట్టదా అని.

ఆ దోనెలో పేతురు ఉన్నాడు. మార్కు తన సువార్తను పేతురు చెప్పిన సంగతుల నుంచే రాశాడని రెండో శతాబ్దంలో పాపియాస్ అనే సంఘాధ్యక్షుడు చెప్పిన మాట సంఘ చరిత్రలో నిలిచి ఉంది. తుపాను సంగతి మత్తయి, లూకా కూడా రాశారు గానీ, తలగడ మార్కు ఒక్కడే రాశాడు. చూసినవాడికే గుర్తుండే వస్తువు అది. మనం మునిగిపోతుంటే ఈయన తలగడ వేసుకుని పడుకున్నాడే అన్న కడుపుమంట అందులో నాకు వినిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ పత్రికకి రా. ఏళ్లు గడిచాయి. ముసలివాడైన పేతురు పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితునియ ప్రాంతాల్లో చెదిరిపోయి శ్రమలు పడుతున్న విశ్వాసులకి రాస్తున్నాడు. ఆ రాత్రి దోనెలో 'నీకు చింతలేదా' అని కేకలు వేసినవాళ్లలో ఉన్నవాడే, ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు అని రాశాడు. తాను వేసిన ప్రశ్నకి ఒక జీవితకాలం తర్వాత తానే జవాబు రాసినట్టు. ఈ సంగతి విన్న సాయంత్రం నేను బైబిలు మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకూ ఆ ప్రశ్న ఉంది మరి, ఏళ్ల తరబడి. అడగడానికి భయపడ్డాను.

అందుకే నీతో మొదట చెప్పేది: అడుగు. 'ప్రభువా, మా బాబు సంగతి నీకు పట్టదా?' అని నోరు తెరిచి అడుగు. దోనెలో ఉన్నవాళ్లు అలా అడిగినందుకు ఆయన వాళ్లని నీళ్లలోకి తోసెయ్యలేదు. 'మీరింకను నమ్మికలేక యున్నారా?' అని గద్దించిన మాట నిజమే. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడు. ముందు లేచి గాలిని అణచాడు. ఆ తర్వాతే ఆ ప్రశ్న వేశాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి మేమూ ముందు నొప్పి తగ్గిస్తాం, ప్రశ్నలు తర్వాత అడుగుతాం.

పేతురు గురించి ఇంకొక్క మాట. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం. హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఆ తర్వాత పేతురును పట్టుకున్నాడు. నలుగురేసి చొప్పున నాలుగు జట్లు, పదహారు మంది సైనికులు కాపలా. పస్కా పండుగ అవగానే ప్రజల ముందుకు తేవాలని ఉద్దేశం. తెల్లారితే చావు అన్న ఆ రాత్రి పేతురు రెండు సంకెళ్లతో ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోతున్నాడు. ఎలాంటి నిద్ర అంటే, దూత వచ్చి గదిలో వెలుగు ప్రకాశించినా మెలకువ రాలేదు, పక్క తట్టి లేపాల్సి వచ్చింది. తుపానులో నిద్రపోతున్న యేసును లేపినవాళ్లలో ఒకడు, ఇప్పుడు తానే అలా నిద్రపోతున్నాడు.

కానీ యాకోబు సంగతి దాటేసి వెళ్లకు. యాకోబు కూడా యేసు శిష్యుడే. తుపాను నుంచి కాపాడిన ప్రభువే కత్తి నుంచి అతన్ని తప్పించలేదు. అది పేతురుకి తెలుసు. తెలిసే నిద్రపోయాడు. నాకేమీ జరగదు అన్న ధీమాతో వచ్చిన నిద్ర కాదది. రేపు ఏం జరిగినా తన సంగతి పట్టినవాడి చేతుల్లోనే ఉంటానన్న నమ్మకంతో వచ్చిన నిద్ర.

ఇక ఎలా వేయాలి అన్నావు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అది వార్డులో నేర్చుకున్నది. నర్సులు డ్యూటీ మారేటప్పుడు వచ్చేవాళ్లకి రోగుల్ని అప్పగించి వెళ్లాలి. 'అందర్నీ చూసుకోండి' అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లడానికి వీల్లేదు. మంచం మంచం దగ్గరికీ వెళ్లాలి. ఈయనకి ఇంత జ్వరం ఉంది, ఫలానా మందు ఇన్ని గంటలకి ఇచ్చాను, ఈమెకి రాత్రి రెండుసార్లు వాంతి అయింది, ఈ బాబుకి సెలైన్ పెట్టిన చెయ్యి వాచింది, చూస్తూ ఉండండి. అంతా అయ్యాక రిజిస్టరులో ఇచ్చినవాళ్ల సంతకం, తీసుకున్నవాళ్ల సంతకం.

కొత్తలో నేను సంతకం పెట్టి ఇంటికి వెళ్లి, గంటకోసారి వార్డుకి ఫోన్ చేసేదాన్ని. ఏడో నంబరు మంచం జ్వరం తగ్గిందా, ఆ పాప మూత్రం పోసుకుందా అని. మూడు రోజులు చూసి పగటి డ్యూటీ పెద్ద సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది. కోప్పడలేదు. 'నువ్వు సంతకం పెట్టాక ఆ పాప నా డ్యూటీలో ఉంది. నేను చూడననుకుంటున్నావా?' అన్నది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. నా ఫోన్లు ఆ పాప మీద ప్రేమ అనుకున్నాను. ఆమెకి మాత్రం తన మీద అపనమ్మకంలాగా తగిలాయి. అప్పగించడం వస్తువుకి సంబంధించిన సంగతి అనుకుంటాం. తీసుకునే మనిషి ఎవరన్నదే అందులో అసలు సంగతి. అందుకే పేతురు 'వేయుడి' అని ఊరుకోలేదు, 'ఆయన చింతించుచున్నాడు గనుక' అన్నాడు.

ఈ సంగతి తెలిసీ పదకొండేళ్ల కిందట నేనే తడబడ్డాను. మా ఆయనకి మెడ పక్కన చిన్న గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపారు, రిపోర్టుకి పన్నెండు రోజులు పడుతుందన్నారు. వేలితో తాకినప్పుడే నాకు సగం అర్థమైపోయింది. గట్టిగా ఉంది, కదలడం లేదు, నొప్పి లేదు. ఆయనకి చెప్పలేదు. నాలుగో రాత్రి రెండూ నలభైకి లేచి, ఆయనకి వినబడకూడదని బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని నేల మీద కూర్చున్నాను. ఈ వచనమే చెప్పుకుంటున్నాను, చేదు మాత్ర మింగినట్టు గబగబా. గొంతు దాటడం లేదు. ఎన్నిసార్లు చెప్పినా భయం అక్కడే ఉంది.

అప్పుడు లేచి వెళ్లి అలమరలో ఉన్న పాత డ్యూటీ డైరీ తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ చెప్పలేను, చేతికి అలవాటైన పని కదా. ఖాళీ పేజీ మీద వార్డులో రాసినట్టే రాశాను. పేషెంటు వయసు 58. మెడకి ఎడమవైపు గడ్డ, ముక్క తీశారు. కుట్టు పొడిగా ఉంది. జ్వరం లేదు. ఆకలి తగ్గింది. నవ్వుతూ మాట్లాడుతున్నారు గానీ నిద్రపోవడం లేదు. తర్వాత కలం తనంతట తానే నడిచింది. నాకు తెలిసింది ఆయనకి చెప్పలేదు. రిపోర్టు పాడైతే ఆయన ముఖం ఎలా చూడాలో తెలియదు. ఒంటరిదాన్ని అయిపోతానని భయంగా ఉంది. దేవుడి మీద కోపంగా కూడా ఉంది. అన్నీ రాసి, ఇచ్చినవారు అన్నచోట నా సంతకం పెట్టాను. తీసుకున్నవారు అన్నచోట 'ప్రభువు' అని రాశాను. టైము 3:10.

ఆ రాత్రి మహా అయితే యాభై నిమిషాలు నిద్రపోయి ఉంటాను. ఆకాశం తెరుచుకోలేదు. కానీ మర్నాటి రాత్రి మళ్లీ రాశాను. ఆ మర్నాడూ రాశాను. ఆరో రోజు ధైర్యం చేసి మా ఆయనతో చెప్పేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, 'నీ ముఖం చూసి ఆ రోజే అనుకున్నాను' అన్నారు. ఎనిమిదో రాత్రి నుంచి నాకు నిద్ర పట్టింది. ఇది జాగ్రత్తగా విను: రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చింది కూడా మేం భయపడినట్టే వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన నాతో ఉన్నారు. ఆ నాలుగేళ్లూ ఆ డైరీ రాశాను.

ఇది నీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. నీ బాబు సంగతి వేరు. మూర్ఛ ఉన్నవాళ్లలో సరిగ్గా మందు వాడితే పది మందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ఏడు నెలలు రాకపోవడం మంచి సంగతి, దానికి దేవునికి స్తోత్రం చెప్పు. అయినా మా ఆయన సంగతి దాచి నీకు ధైర్యం చెబితే, అది అరువు ధైర్యం అవుతుంది.

నువ్వూ ఒక పుస్తకం తీసుకో. పేజీ మధ్యలో గీత గియ్యి. ఒకవైపు నీ డ్యూటీ. మాత్ర రోజూ ఒకే వేళకి వేయడం, డాక్టరు చెప్పకుండా మానకపోవడం, వాడిని నిద్ర చెడగొట్టుకోనివ్వకపోవడం. ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టడం, నోట్లో చెంచా గానీ వేలు గానీ ఏదీ పెట్టకపోవడం, గడియారం చూసుకోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం. ఇదే కాగితం స్కూల్లో టీచరుగారికి కూడా ఇవ్వు. వాళ్లకి తెలుసు అని తెలిస్తే ఫోన్ మోగినప్పుడు నీ చేతులు అంతగా చల్లబడవు. పేతురు కూడా 'వేయుడి' అన్న వెంటనే తర్వాతి వచనంలో 'మెలకువగా ఉండుడి' అన్నాడు కదా. చింత వేసినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు.

గీతకి అవతలి వైపు, నీ చేతిలో లేనివన్నీ రాయి. ఒక్కొక్కటీ విడివిడిగా, పేరు పెట్టి. 'బాబు' అని ఒక్క మాట రాసి ఆపకు. నేను నిద్రపోతుంటే వస్తుందేమో. మెట్ల మీద ఉండగా వస్తుందేమో. తోటి పిల్లలు ఏడిపిస్తారేమో. పెద్దయ్యాక నేను లేకపోతే ఎవరు చూస్తారు. పేతురు ఈ 'వేయుడి' అన్న మాటను దావీదు 55వ కీర్తన నుంచి తీసుకున్నాడు: 'నీ భారము యెహోవామీద మోపుము.' ఆ మాట ఆ కీర్తనలో 22వ వచనం. ముందున్న వచనాల్లో చాలావరకు దావీదు గోడే. భయం, వణుకు, గువ్వలాగా రెక్కలుంటే ఎగిరిపోదును అన్న ఆశ, ప్రాణస్నేహితుడు చేసిన ద్రోహం, ఏదీ దాచలేదు. నువ్వు ఇన్నాళ్లూ నేరుగా 22వ వచనానికి వెళ్లిపోయి, మిగతావన్నీ మింగేస్తున్నావేమో అనిపిస్తోంది నాకు.

రాత్రి బాబుని చూడటం ఒక్కసారిగా మానేయమని చెప్పను, నీవల్ల కాదు. పదకొండింటికి ఒకసారి చూడు. దుప్పటి సర్ది, వాడి తల మీద చెయ్యి పెట్టి, 'ప్రభువా, ఇక నీ డ్యూటీ' అని చెప్పి రా. 'ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు' అని 121వ కీర్తన. రెండింటికి మెలకువ వస్తే పుస్తకం తీసి పదకొండింటి సంతకం చూసుకో. కాళ్లు అటే లాగితే వెళ్లు, నిన్నెవరూ తిట్టరు. వారానికి ఒకసారి తగ్గినా చాలు.

పొద్దున్నే భారం మళ్లీ నెత్తి మీదికి వచ్చిందా? డ్యూటీ మళ్లీ మొదలైందని అర్థం. నర్సు సాయంత్రం అప్పగించి వెళ్లి మర్నాడు మళ్లీ వచ్చి తీసుకుంటుంది కదా. నిన్నటి అప్పగింత చెల్లలేదని ఎవరూ అనరు. రాత్రికి మళ్లీ అప్పగించు. మూడు నెలలయ్యాక నాకు ఉత్తరం రాయి. బాబు పేరు రాశావు కాబట్టి రోజూ ప్రార్థనలో తలుస్తున్నాను.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఆరు నెలలుగా ఊరికే గుండె దడ, చెమటలు, ఏదో జరిగిపోతుందన్న భయం. డాక్టరు మాత్రలు రాశారు, కౌన్సెలింగుకి కూడా వెళ్లమన్నారు. 'క్రీస్తు సమాధానం ఉన్నవాడికి మాత్రలెందుకు' అని మా ప్రార్థన గుంపులో ఒకరు అన్నారు. రెండు వారాలుగా వాడుతున్నాను, మార్పేమీ లేదు. మానేసి ఉపవాస ప్రార్థన చేద్దామనుకుంటున్నాను.

జవాబు: బాబూ, మానొద్దు. ఇలాంటి మందుల్లో చాలావాటికి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు వారాలకే తేల్చేయకూడదు. హఠాత్తుగా ఆపితే కొన్నిటితో ఒళ్లు ఇంకా ఇబ్బంది పడుతుంది. తగ్గించాలన్నా ఆపాలన్నా రాసిన డాక్టరుతోనే మాట్లాడు. ఉపవాసం ఉండాలనుకున్నా ముందు ఆయన్ని అడుగు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే గుండె దడ, చెమటలు, కంగారు ఉంటాయి. ఆ పరీక్ష చేశారో లేదో కూడా అడుగు. కౌన్సెలింగుకి తప్పకుండా వెళ్లు. భయం వచ్చినప్పుడు మనసు ఏ దారిన పరిగెత్తుతుందో చూసుకోవడం అక్కడ నేర్పుతారు.

ఆ గుంపులోని సహోదరుడితో ఏలీయా సంగతి చెప్పు. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు మీద అగ్ని దింపిన ప్రవక్త ఒక్క బెదిరింపుకి పారిపోయి, బదరీచెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. 'నీ శక్తికి మించిన ప్రయాణం నీకుంది' అని దూత చెప్పాడు. మాటలు ఆ తర్వాత, నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాక. అలసిన ఒంటి సంగతి దేవునికి తెలుసు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే పౌలు ప్రార్థన ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు.

నువ్వు మాత్ర వేసుకునేటప్పుడే ప్రార్థన చెయ్యి. రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయని నేను నమ్ముతున్నాను, ముప్పై నాలుగేళ్లు ఆ నమ్మకంతోనే మందులు ఇచ్చాను. ఇంకొకటి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రాత్రే ఇంట్లో ఒకరిని లేపి చెప్పు, ఆసుపత్రికి వెళ్లు. తెల్లారనీ అని ఆగొద్దు.

ప్రశ్న: మా ఆవిడ ప్రతిదానికీ చింతపడుతుంది. నేను వచనాలు చెబుతాను. మొదట్లో వినేది, ఇప్పుడు లేచి వేరే గదిలోకి వెళ్లిపోతోంది. ఏం చెబితే ఆమెకి ధైర్యం వస్తుంది?

జవాబు: అయ్యా, మీరు చెప్పిన వచనాలు మంచివే. ఆమెకి కూడా అవి నోటికి వచ్చే ఉంటాయి. యోబు స్నేహితులు వచ్చినప్పుడు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా పలకలేదు. వాళ్లు చేసినవాటిలో మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే పాడుచేశారు.

కొన్నాళ్లు ఏమీ చెప్పకండి. అడగండి. 'ఇవాళ దేనికి ఎక్కువ భయమేసింది?' అని ఒక్క ప్రశ్న. ఆమె చెప్పాక సరిచేయకండి, చిన్న విషయం అనకండి. ఆమె చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే ప్రభువుకి చెప్పండి, ఆమె వింటుండగా, పైకి. రెండు నిమిషాలు చాలు. ఇవాళ రాత్రి ఆమె లేచి వేరే గదిలోకి వెళ్తే మీరూ లేవండి. లైటు వేయకండి. వెళ్లి పక్కన కూర్చోండి.